పిల్లా పెద్దా కలిసి ఆడే గేములతో ఇల్లు గడవాలంటే ఏ దారి మేలు?

ఇంట్లో అందరి ముందూ నిస్సంకోచంగా ఆడుకోగలిగే కంప్యూటర్ గేములు తయారుచేసి, ఆ సంపాదనతోనే ఇల్లు నడుపుకోవాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఒకరో ఇద్దరో చేసే పని ఇది. భార్యాభర్తలు కావచ్చు, అన్నదమ్ములు కావచ్చు. హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్‌లోనో, కాకినాడలో మేడ మీద గదిలోనో కూర్చుని చేయవచ్చు. పెట్టుబడి తెచ్చి వందమందితో స్టూడియో పెట్టేవాళ్ల లెక్కలు వేరు, వాటి జోలికి వెళ్లను.

ఇందులోకి దిగుదామనుకునేవాళ్లు సాధారణంగా మొదట అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని. దానికి జవాబు రెండు వాక్యాల్లో అయిపోతుంది, చివర్లో చెబుతాను. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మీ గేమ్ ఆడేది ఎవరు, దానికి డబ్బు కట్టేది ఎవరు? ఆడేవాళ్లే కడతారా, అమ్మానాన్నలు కడతారా, యాడ్ కంపెనీ కడుతుందా, స్కూలు కడుతుందా, పని చేయించుకునే వేరే స్టూడియో కడుతుందా? మీ రోజు ఎలా గడుస్తుందో, ఎలాంటి గేమ్ తయారవుతుందో, రాత్రి నిద్ర పడుతుందో లేదో అన్నీ దీన్నిబట్టే ఉంటాయి.

నా మొగ్గు ముందే చెప్పేస్తాను. మన దగ్గర ఒకరిద్దరు నడిపే సంస్థకి, పెద్దవాళ్లు డబ్బు పెట్టి కొనుక్కుని ఇంట్లో అందరితో కలిసి ఆడుకునే చిన్న పీసీ గేములు మేలు. మొదటి రెండు మూడేళ్లు వేరే స్టూడియోలకి పని చేసిపెడుతూ ఇంటి ఖర్చు పూడ్చుకోవడం ఇంకా మేలు. ఎందుకో, మిగిలిన దారులు ఎవరికి నప్పుతాయో చూద్దాం.

పందేల గేముల సంగతి ముందు

"కార్డ్ గేమ్ చేస్తావా? అయితే రమ్మీ లాంటిది పెట్టు, డబ్బులొస్తాయి" అని సలహా ఇచ్చే బంధువు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఆ దారి ఇప్పుడు లేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా డబ్బు గేములను ఆపేసింది. నడిపినవాళ్లకి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. అదే చట్టం పందెం లేని సామాజిక గేములను, ఈ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహిస్తానంటోంది. కుటుంబ గేములు చేసేవాళ్లకి ఇది మంచి మాటే.

పందెం పేరు లేకపోయినా జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటుంది. ఉత్తుత్తి నాణేలతో పందెం కాసినా, స్లాట్ మెషీన్ బొమ్మ పెట్టినా రేటింగ్ మారిపోతుంది. యూరప్‌లో వయసు రేటింగ్ ఇచ్చే పెగీ, జూదం నేర్పే కొత్త గేములకు 2020 నుంచి 18 ఏళ్ల ముద్ర వేస్తోంది. సాలిటైర్ లాంటి ఒంటరి పేక ఆటకు ఆ బెడద లేదు. గూగుల్ ప్లే, మైక్రోసాఫ్ట్ స్టోర్ వాడే ఐఏఆర్‌సీ అనే వయసు రేటింగ్ ప్రశ్నావళి ఉచితమే. ఒకసారి నింపితే అమెరికా, యూరప్, జర్మనీ రేటింగులన్నీ వస్తాయి. గేమ్ మొదలుపెట్టే రోజే ఆ ప్రశ్నలు చదవండి. కుటుంబ గేమ్ అని పేరు పెట్టుకుని 18 ముద్రతో బయటకు వస్తే అమ్ముకోవడానికి మీకంటూ ఒక వర్గం మిగలదు.

పిల్లల గేమా, ఇంటిల్లిపాది గేమా

ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది పప్పులో కాలేస్తారు. పిల్లల గేమ్ అంటే ఆరేళ్ల బాబు ఒక్కడే ట్యాబ్ పట్టుకుని ఆడేది. ఇంటిల్లిపాది గేమ్ అంటే ఆ బాబు పక్కన వాళ్ల అమ్మ కూర్చుని "అది కాదు నాన్నా, ఎడమవైపు ఉంది చూడు" అని చెబుతూ ఆడేది, లేదా వాడు నిద్రపోయాక ఆవిడే ఒక అరగంట ఆడుకునేది. దాగున్న వస్తువులు వెతికే గేములు, సాలిటైర్, పజిళ్లు, తోట పెంచేవి, వంట చేసేవి, పులి మేక, అష్టా చెమ్మా, వైకుంఠపాళి లాంటి బల్ల ఆటలు ఈ రెండో కోవలోవి.

పిల్లలకే ప్రత్యేకంగా చేస్తే చట్టం భారం మీ మీద పడుతుంది. అమెరికాలో 13 ఏళ్ల లోపు పిల్లల సమాచారం తీసుకోవడంపై 1998 నాటి కొప్పా చట్టం ఉంది. దాన్ని ఉల్లంఘించినందుకు 2022 డిసెంబరులో ఎపిక్ గేమ్స్ 27.5 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు అందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల నుంచి నిర్ధారించుకోదగిన అనుమతి కావాలి. వాళ్లు ఏం చేస్తున్నారో వెంటాడి చూడకూడదు, వాళ్లను గురిపెట్టి యాడ్స్ వేయకూడదు. తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల వరకు వెళ్లవచ్చు. 2025 నవంబరులో దీని నియమాలు వచ్చాయి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు.

నేను ఈ చట్టాలను తప్పుపట్టడం లేదు. పిల్లల తండ్రిగా నాకు అవి కావాలి. ఇద్దరే ఉన్న సంస్థకి వాటిని సవ్యంగా పాటించడానికి ఒకే ఒక్క తేలికైన పద్ధతి ఉంది: ఏ సమాచారమూ తీసుకోకపోవడం. లాగిన్ వద్దు, చాట్ వద్దు, యాడ్స్ వద్దు, సేవ్ ఫైల్ ఆడేవాళ్ల కంప్యూటర్‌లోనే ఉండాలి. ఒకసారి కొనుక్కుని ఇంట్లో ఆడుకునే పీసీ గేమ్‌కి ఇదంతా సహజంగానే కుదురుతుంది. యాడ్స్ మీద బతికే ఫ్రీ గేమ్‌కి కుదరదు.

ఫ్రీగా ఇచ్చి యాడ్స్ వేసే మొబైల్ గేమ్

మన వాళ్లలో ఎక్కువమంది మొదట తొక్కే దారి ఇదే, ఎందుకంటే చేతిలో ఫోన్ ఉంటుంది, చుట్టూ అందరూ ఫోన్‌లోనే ఆడతారు. ప్రవేశ రుసుము కూడా తక్కువే. గూగుల్ ప్లేలో ఒకసారి 25 డాలర్లు కడితే సరిపోతుంది. గేమ్‌లో ఏవైనా అమ్మితే ఏడాదికి మొదటి 10 లక్షల డాలర్ల వరకు గూగుల్ 15 శాతమే తీసుకుంటుంది. కొత్తగా తీసుకున్న వ్యక్తిగత ఖాతా అయితే విడుదలకు ముందు 12 మందితో వరుసగా 14 రోజులు టెస్ట్ చేయించాలి. అది పెద్ద కష్టమేం కాదు, చుట్టాలూ స్నేహితులూ ఉన్నారు.

కష్టం అంకెల్లో ఉంది. ఇల్లు గడవడానికి నెలకి 60 వేలు కావాలనుకుందాం. వెయ్యిసార్లు యాడ్ కనిపిస్తే అర డాలర్, అంటే 44 రూపాయలు వస్తుందని ఊహించుకుందాం (డాలర్ 88 రూపాయలు అనుకుని లెక్క). అప్పుడు నెలకి 13.6 లక్షల సార్లు యాడ్ కనిపించాలి. ఒక్కొక్కరు రోజుకి మూడు యాడ్స్ చూస్తారనుకున్నా, రోజూ 15 వేల మంది మీ గేమ్ తెరవాలి. ఒక రోజు కాదు, ప్రతి రోజూ. ఆడేవాళ్లు పిల్లలైతే వాళ్ల ఇష్టాలను బట్టి యాడ్స్ వేయడం కుదరదు కాబట్టి రేటు ఇంకా తగ్గుతుంది. గూగుల్ ఫ్యామిలీ పాలసీ ప్రకారం పిల్లలకి చూపే యాడ్స్‌కి గూగుల్ జాబితాలో ఉన్న యాడ్ సాఫ్ట్‌వేర్లు మాత్రమే వాడాలి.

ఇది ఎవరూ సాధించలేదని కాదు. నవీ ముంబైలో తయారై 2016లో వచ్చిన లూడో కింగ్ ఫ్రీ గేమే. 2020 లాక్‌డౌన్‌లో తాతలూ మనవళ్లూ వేర్వేరు ఊళ్లలో కూర్చుని ఆడారు. అయితే అలాంటి గేమ్ ఒకటి నిలబడితే దాని వెనక కోట్లమంది ఆడేవాళ్లు ఉంటారు, సర్వర్లు నడిపే జట్టు ఉంటుంది. ఇద్దరితో అంత మోయలేం.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది మాత్రం వేరే సంగతి. యాడ్స్ మీద బతకాలంటే ఆడేవాళ్లను ఎంత ఎక్కువసేపు కూర్చోబెడితే అంత లాభం. "రోజూ రాకపోతే బహుమతి పోతుంది" అని పిల్లవాణ్ణి భయపెట్టాలి. గేమ్ చేసే మనిషి మంచివాడే అయినా ఆదాయం అటే లాగుతుంది. కుటుంబ గేములు చేద్దామని వచ్చినవాళ్లు ఆ లాగుడుకి రోజూ ఎదురు నిలవాల్సి వస్తుంది. మీకు మొబైలే కావాలంటే, ఫ్రీగా కొంత ఆడనిచ్చి మిగతాది ఒకేసారి 99 రూపాయలకో 149కో తెరిచే పద్ధతి పెట్టండి. ఆదాయం తక్కువ రావచ్చు. గేమ్ మాత్రం మీ మనసుకి నచ్చినట్టే ఉంటుంది.

డబ్బు పెట్టి కొనుక్కునే పీసీ గేమ్

ఇక్కడ అంగడి అంటే ప్రధానంగా స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణం. ఒక్కో గేమ్‌కి 100 డాలర్లు కట్టాలి. గేమ్ వెయ్యి డాలర్ల అమ్మకం దాటితే అది తిరిగి వస్తుంది. అమ్మకాల్లో స్టీమ్ వాటా 30 శాతం. కోటి డాలర్లు దాటితే తగ్గుతుంది కానీ ఆ లెక్క మనకి ఇప్పుడు అక్కర్లేదు. ఎపిక్ స్టోర్ 2025 జూన్ నుంచి గేమ్‌కి ఏడాదిలో మొదటి 10 లక్షల డాలర్ల మీద ఏమీ తీసుకోవడం లేదు. చిన్న గేములు అమ్మే సైట్ ఇచ్.ఐవోలో వాటా ఎంతో మీరే నిర్ణయించుకోవచ్చు, మామూలుగా 10 శాతం. మైక్రోసాఫ్ట్ స్టోర్ 12 శాతం తీసుకుంటుంది. వాటాలు చూస్తే స్టీమే ఖరీదు. అయినా కొనేవాళ్లు అక్కడ ఉన్నారు కాబట్టి మొదట అక్కడికే వెళ్లమంటాను. తక్కువ కమిషన్ ఉన్న ఖాళీ అంగడిలో కూర్చుంటే ఇల్లు గడవదు.

ఇప్పుడు అదే 60 వేల లెక్క ఇక్కడ వేద్దాం. గేమ్ ధర 10 డాలర్లు. డిస్కౌంట్లు, దేశాన్నిబట్టి తగ్గించే ధరలు పోను సగటున 6 డాలర్లకి అమ్ముడవుతుందనుకోండి. పన్నులు, వాపసులు తీసేస్తే 5.10. స్టీమ్ వాటా పోను 3.57. అమెరికా పన్ను, బ్యాంకు ఖర్చులు కూడా తీసేసి 3.30 అనుకుంటే కాపీకి 290 రూపాయలు. ఏడాదికి 7.2 లక్షలు కావాలంటే సుమారు 2,500 కాపీలు అమ్మాలి. ఇవన్నీ నేను ఊహించిన అంకెలే, మీ ధరతో మీరు మళ్లీ వేసుకోండి. ఏ అంకె మార్చినా ఒకటి కనిపిస్తుంది: రోజూ 15 వేల మందిని రప్పించడం కన్నా, ప్రపంచం మొత్తం మీద ఏడాదికి 2,500 మందికి నచ్చేలా చేయడం ఇద్దరు మనుషులు ఊహించుకోగలిగిన పని.

అమెరికా పన్ను గురించి ఒక మాట, ఎందుకంటే ఇక్కడ ఊరికే డబ్బు పోగొట్టుకుంటారు. స్టీమ్‌లో చేరేటప్పుడు డబ్ల్యూ-8బెన్ అనే అమెరికా పన్ను ఫారం నింపుతారు. అందులో మీ పాన్ నంబరు ఇచ్చి, భారత్-అమెరికా ఒప్పందం వర్తింపజేసుకుంటే అమెరికాలో జరిగిన అమ్మకాల మీద 15 శాతమే పట్టుకుంటారు. అది వదిలేస్తే 30 శాతం పోతుంది. ఇక్కడ రిటర్ను వేసేటప్పుడు ఆ పన్నును చూపించుకోవచ్చు. ఈ పని తెలిసిన సీఏని ముందే పట్టుకోండి. ఆడిటర్లందరికీ విదేశీ ఆదాయం అలవాటు ఉండదు.

డబ్బు చేతికి వచ్చే వేళ కూడా చూసుకోవాలి. జూన్‌లో అమ్మినది జులై చివర వస్తుంది, అదీ బాకీ 100 డాలర్లు దాటితేనే. వాయిదాలు, అద్దె, స్కూలు ఫీజు ఉన్న ఇంటికి ఈ ఆలస్యం చాలా పెద్దది. విడుదలైన నెలలో ఒక్కసారిగా వస్తుంది, తరవాత తగ్గిపోతుంది, మళ్లీ వేసవి సేల్‌కి, శీతాకాలం సేల్‌కి లేస్తుంది. నెల జీతానికి అలవాటుపడిన ఇంట్లో దీనికి టెన్షన్ పడటం సహజం. అందుకే మొదటి గేమ్ డబ్బు వచ్చినప్పుడు దాన్ని పన్నెండు భాగాలు చేసి నెలకి ఒక భాగమే ఇంట్లోకి తీసుకోమని చెబుతాను.

స్టీమ్‌లో వాపసు నియమం కుటుంబ గేములకు ఒక చిక్కు. కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల కన్నా తక్కువ ఆడితే డబ్బు వెనక్కి ఇస్తారు. మీ గేమ్ గంటన్నరలో అయిపోతే, ఆనందంగా పూర్తిచేసి కూడా వాపసు అడిగేవాళ్లు ఉంటారు. కాబట్టి నిడివి కనీసం నాలుగైదు గంటలు ఉండేలా, లేదా బల్ల ఆటల్లాగా ఎన్నిసార్లయినా ఆడేలా చూసుకోండి.

మేలు కూడా ఉంది. 2024 సెప్టెంబరులో వచ్చిన స్టీమ్ ఫ్యామిలీస్‌తో ఒక ఇంట్లో ఆరుగురి వరకు గేములు పంచుకోవచ్చు, పిల్లల ఖాతాలకు అమ్మానాన్నలు హద్దులు పెట్టవచ్చు. ఒకే తెర మీద ఇద్దరు ఆడే గేమ్ చేస్తే, స్టీమ్‌లోని రిమోట్ ప్లే టుగెదర్ సదుపాయంతో ఒక్కరు కొంటే చాలు, దూరంగా ఉన్న రెండోవాళ్లు కొనకుండానే కలిసి ఆడవచ్చు. గుంటూరులో అమ్మమ్మ, డాలస్‌లో మనవరాలు కలిసి వామనగుంటలు ఆడటానికి మీరు సర్వర్ కొనాల్సిన పనే లేదు. మన గేములకు దీనికన్నా మంచి సదుపాయం నాకు కనిపించలేదు, వాడుకుంటున్నవాళ్లు మాత్రం తక్కువ.

ఈ దారిలో నడిచిన చిన్న సంస్థల్లో బ్రిటన్‌లోని గ్రే ఏలియన్ గేమ్స్‌ను చూడండి. 2005 నుంచి సాలిటైర్, రంగులు కలిపే పజిళ్ల లాంటి గేములతో బతుకు నడిపిన భార్యాభర్తల సంస్థ. దాని వ్యవస్థాపకుడు జేక్ బర్కెట్ 2016లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో మాట్లాడిన విషయం, పెద్ద హిట్ ఒక్కటీ లేకుండా పదకొండేళ్లు ఈ రంగంలో ఎలా నిలబడవచ్చో. నాకు ఇది పెద్ద హిట్ల కథల కన్నా ఎక్కువ ధైర్యం ఇస్తుంది. ఒక్కో గేమ్ చిన్నదిగా, ఖర్చు అదుపులో, పాత గేములు అమ్ముడవుతూనే ఉండగా కొత్తది చేయడం. పొలం సాగుచేసే గేమ్ స్టార్‌డ్యూ వ్యాలీ కథ కూడా మీరు వినే ఉంటారు. ఎరిక్ బరోన్ నాలుగేళ్లకు పైగా ఒంటరిగా చేసి 2016లో విడుదల చేశాడు. ఆ గేమ్ అంటే నాకు ప్రేమ, కానీ దాన్ని చూసి నాలుగేళ్ల గేమ్ మొదలుపెట్టకండి. మొదటిది ఆరు నుంచి తొమ్మిది నెలల్లో అయిపోయే సైజులో ఉండాలి.

ఆపిల్, చందాలు, సొంత అమ్మకం, స్కూళ్లు

ఆపిల్‌లో ఏటా 99 డాలర్లు కట్టాలి. ఏడాదికి 10 లక్షల డాలర్ల లోపు సంపాదించే చిన్న సంస్థలకు వాటా 15 శాతం. పిల్లల విభాగంలో నియమాలు గట్టిగా ఉంటాయి: బయటి లింకులు, కొనుగోళ్లు పెద్దవాళ్లు దాటగలిగే అడ్డు వెనకే ఉండాలి. ఐప్యాడ్ ఉన్న ప్రవాస తెలుగు ఇళ్లకి అక్షరాలు నేర్పే గేమ్ చేయాలనుకుంటే ఇది మంచి చోటు. సిలికానాంధ్ర మనబడి లాంటి తరగతులకు పిల్లల్ని పంపే తల్లిదండ్రులు ఉన్నారు. వాళ్లకి తెలుగు కావాలి, యాడ్స్ వద్దు, డబ్బు కట్టడానికి వెనకాడరు. నెలనెలా చందా పెట్టాలంటే మాత్రం నెలనెలా కొత్త పాఠాలు ఇవ్వాలి. ఇద్దరే ఉంటే అది మెడకి గుదిబండ అవుతుంది. ఒకేసారి ధర పెట్టండి.

సొంత వెబ్‌సైట్‌లో యూపీఐతో అమ్మితే డబ్బు త్వరగా చేతికి వస్తుంది, కమిషన్ తక్కువ. కానీ ఎవరికీ తెలియని సైట్‌కి ఎవరూ రారు. నలుగురికి మీ పేరు తెలిశాక పెట్టుకోవచ్చు.

స్కూళ్లకి అమ్మడం గేమ్ తయారీ కన్నా అమ్మకాల పని. ప్రిన్సిపాల్ చుట్టూ, కరస్పాండెంట్ చుట్టూ తిరగాలి, కొత్త విద్యా సంవత్సరానికి ముందే ఒప్పించాలి, బిల్లు వసూలుకి ఓపిక పట్టాలి. ఇద్దరిలో ఒకరికి మాట చాతుర్యం, తిరిగే ఓపిక ఉంటే ఆలోచించండి. లేకపోతే వదిలేయండి.

వేరేవాళ్ల పని చేసిపెడుతూ

దీన్ని చాలామంది రాజీగా చూస్తారు. నేను అలా చూడను. వారంలో మూడు రోజులు బయటి స్టూడియోకి బొమ్మలో, ప్రోగ్రామింగో, టెస్టింగో చేసిపెడితే ఇంటి అద్దె, కరెంటు బిల్లు తేలిపోతాయి. మిగతా రోజుల్లో చేసే సొంత గేమ్ మీద అప్పుడు ఆత్రం ఉండదు. ఆత్రం లేనప్పుడే కుటుంబ గేములు బాగా కుదురుతాయి. రెండో లాభం, మరొకరి గేమ్ పూర్తి చేసిన అనుభవం వస్తుంది.

ప్రమాదం కూడా చెప్పాలి. బయటి పని ఎప్పుడూ అర్జెంటే. సొంత గేమ్‌కి గడువు అడిగేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి అది వెనక్కి జరుగుతూనే ఉంటుంది. దానికి మందు, సొంత గేమ్‌కి ఉదయాలు కేటాయించడం. ఒప్పంద పత్రంలో మూడు విషయాలు రాయించుకోండి: అడ్వాన్సు ఎంత, ఎన్నిసార్ల మార్పుల వరకు అదే ధర, ఎన్ని రోజుల్లో చెల్లింపు. పని వెతుక్కోవడానికి ఏటా జరిగే ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ మంచి వేదిక. చాలా ఏళ్లు అది హైదరాబాద్‌లోనే జరిగింది. అక్కడ కలిసిన మనుషుల ద్వారానే చిన్న సంస్థలకు పనులు దొరుకుతాయి.

తెలుగులోనా, ఇంగ్లీషులోనా

తెలుగులో మాత్రమే చేస్తే పీసీలో డబ్బు పెట్టి కొనేవాళ్లు ఇల్లు గడిచేంతమంది దొరకడం ఇప్పటికైతే కష్టం. ఇది చెప్పడం నాకు ఇష్టం లేదు, అయినా చెప్పాలి. ఇంగ్లీషులో చేసి, తెలుగును రెండో భాషగా మొదటి రోజు నుంచే పెట్టండి. తరవాత చైనీస్, జర్మన్, జపనీస్ చూడండి. గేమ్‌లో మన ఇల్లు ఉండటానికి భాష అడ్డు కాదు. టొరంటోలోని చిన్న స్టూడియో చేసిన వెన్బా 2023లో ఒక తమిళ కుటుంబం వంటింటి కథతో ప్రపంచమంతటా ఆడించింది. ఉగాది పచ్చడి, సంక్రాంతి ముగ్గు, బొమ్మల కొలువు ఇవన్నీ పజిళ్లుగా మారడానికి సిద్ధంగా ఉన్నాయి. తెనాలి రామకృష్ణుడి కథలు ఎవరి సొత్తూ కాదు. పాత పిల్లల పత్రికల్లోని బొమ్మలకు మాత్రం హక్కుదారులు ఉంటారు, వాటిని చూసి గీయకండి.

తెలుగు పెట్టేవాళ్లు ముందే చూసుకోవాల్సింది ఒత్తులు. గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీలో అక్షరాలు చూపడానికి ఎక్కువగా వాడే టెక్స్ట్‌మెష్ ప్రోలో ఒత్తులు, గుణింతాలు విడిపోయి కనిపిస్తాయి. అలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ గొడో. 2023 మార్చిలో వచ్చిన గొడో 4 నుంచి అందులో తెలుగు సరిగ్గా కూర్చుంటుంది. గేమ్ అంతా అయిపోయాక ఇది బయటపడితే అక్షరాలన్నీ బొమ్మలుగా అతికించాల్సి వస్తుంది.

మిగిలిన చిన్న నిర్ణయాలు

సాఫ్ట్‌వేర్: కొత్తగా మొదలుపెడితే గొడో, అది పూర్తిగా ఉచితం. యూనిటీ ఇప్పటికే వచ్చి ఉంటే అందులోనే ఉండండి, ఏడాదికి 2 లక్షల డాలర్ల ఆదాయం వరకు అదీ ఉచితమే.

సంస్థ రూపం: ఒక్కరే అయితే సొంత పేరు మీద ప్రొప్రైటర్‌షిప్, చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఉచితం. ఇద్దరైతే ఎల్ఎల్‌పీ, అంటే పరిమిత బాధ్యత ఉండే భాగస్వామ్యం. దానికి 40 లక్షల టర్నోవర్, 25 లక్షల పెట్టుబడి దాటేవరకు ఎల్ఎల్‌పీ చట్టం కింద ఆడిట్ గొడవ ఉండదు. ప్రైవేట్ లిమిటెడ్ అంటే ఆదాయం లేకపోయినా ఏటా ఆడిట్ చేయించాలి. పెట్టుబడి తెచ్చుకునే ఉద్దేశం ఉంటేనే అటు వెళ్లండి. సేవలకు జీఎస్టీ నమోదు పరిమితి 20 లక్షలు. విదేశాల నుంచి వచ్చేది ఎగుమతి కింద లెక్కయితే దాని మీద పన్ను సున్నా, కానీ టర్నోవర్‌లో కలుస్తుంది.

టెస్టింగ్: గేమ్‌ప్యాడ్ ఎప్పుడూ పట్టుకోనివాళ్లను కూర్చోబెట్టండి. నేను మా అమ్మను కూర్చోబెడతాను, ఏమీ చెప్పకుండా వెనక నిలబడి చూస్తాను. ఆవిడ ఆగిపోయిన చోటే కొనుక్కున్నవాళ్లూ ఆగిపోతారు.

ఉద్యోగం ఎప్పుడు మానాలి

దీని మీద ఇంట్లో గొడవలు అవుతాయి, అవడం న్యాయమే. గృహరుణం ఉండి, ఇంట్లో రెండో జీతం లేకపోతే ఫుల్‌టైమ్ దిగడానికి కనీసం పద్ధెనిమిది నెలల ఖర్చు విడిగా ఉండాలి. రెండో జీతం ఉంటే పన్నెండు నెలలు చాలు. పెళ్లికాని, అమ్మానాన్నల ఇంట్లో ఉండే ఇరవై మూడేళ్ల యువతికో యువకుడికో ఆరు నెలలతో కూడా దిగవచ్చంటాను. ఆ వయసులో ఓడినా మళ్లీ ఉద్యోగం దొరుకుతుంది. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా రాజీనామాతో పోతుంది కాబట్టి సొంత పాలసీ మానకముందే తీసుకోండి. అమ్మానాన్నల పాత జబ్బులకు వేచి ఉండే కాలం ఉంటుంది.

ఇంటి నుంచి చేసేవాళ్లకి ఇంకో సంగతి. "ఇంట్లోనే ఉన్నావు కదా" అని బ్యాంకు పనులు, పెళ్లి పిలుపులు, స్కూలు మీటింగులు మీ నెత్తిన పడతాయి. పని వేళలు గోడ మీద రాసి పెట్టండి, అలాగే సాయంత్రం ఆరు తరవాత కంప్యూటర్ కట్టేయండి. కుటుంబాల కోసం గేములు చేస్తూ సొంత కుటుంబానికి మొహం చూపించకపోవడం నాకు నచ్చని పని.

తేదీ నిర్ణయించుకోవడానికి స్టీమే ఒక కొలత ఇస్తుంది. ఉద్యోగంలో ఉండగానే 100 డాలర్లు కట్టి గేమ్ పేజీ పెట్టండి. రుసుము కట్టాక 30 రోజులు, పేజీ పెట్టాక కనీసం రెండు వారాలు గడిస్తేగానీ విడుదల చేయనివ్వరు, కాబట్టి ఇది ఎలాగూ ముందే చేయాలి. గేమ్‌లో కొంత భాగం ఉచితంగా ఆడిచూసే డెమో సిద్ధమయ్యాక ఫిబ్రవరి, జూన్, అక్టోబరుల్లో స్టీమ్ జరిపే డెమోల పండుగ నెక్స్ట్ ఫెస్ట్‌లో ఒకదానికి చేరండి. ఒక గేమ్‌కి ఒక్కసారే అవకాశం ఇస్తారు, అందుకని విడుదలకు దగ్గరగా ఉన్నది ఎంచుకోండి. ఫెస్ట్ అయిపోయాక విష్‌లిస్ట్, అంటే కొనాలని గుర్తుపెట్టుకున్నవాళ్ల సంఖ్య, ఎంతుందో చూడండి. పదిమందిలో ఒకరే మొదటి వారం కొంటారని తక్కువగా అనుకుని లెక్క వేయండి. ఐదు వేలు ఉంటే 500 కాపీలు, కాపీకి 290 చొప్పున సుమారు లక్షన్నర, అంటే మన లెక్కలోని ఇంటికి రెండున్నర నెలల ఖర్చు. దానికి తోడు చేతిలో ఒక కాంట్రాక్టు, బ్యాంకులో పైన చెప్పిన నెలల డబ్బు ఉంటే రాజీనామా పత్రం ఇవ్వండి. ఐదు వందలే ఉంటే గేమ్‌ను ఉద్యోగంలో ఉంటూనే విడుదల చేసి, ఆడినవాళ్లు రాసిన రివ్యూలు చదివి, రెండో గేమ్‌ను ఇంకా చిన్నదిగా మొదలుపెట్టండి.